బాలయ్య నొక్కిన ‘లేదు’

2023 వానాకాలం. ముంబయి ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక దర్జీ దుకాణం పైనున్న గదిలో మొబైల్ యాప్‌లు తయారు చేయడం నేర్పేదాన్ని. అంతకుముందు కొన్నేళ్లు ఒక కంపెనీలో నేను చేసిన ఉద్యోగమూ యాప్‌ల తయారీయే. మా తాత పాలమూరు నుంచి కట్టడం పనికి వచ్చి కామాటిపురాలో ఉండిపోయాడు. నన్ను ఎరిగిన గల్లీ కాబట్టి పిల్లలు చనువుగా వచ్చేవారు. కాకపోతే తెలుగువాళ్ల పిల్లలు కూడా నాతో హిందీలోనే మాట్లాడేవారు.

నా పద్ధతి రోజుకొక చాలెంజ్. పొద్దున్నే వాట్సాప్‌లో ఒక చిన్న పని పంపుతాను. ఈరోజు తెర మీద ఒక బటన్ పెట్టాలి, రేపు అది నొక్కితే శబ్దం రావాలి, ఆ మర్నాడు బొమ్మ కనిపించాలి. సాయంత్రానికి కోడ్, అంటే ఫోన్‌కు అర్థమయ్యేలా మనం రాసే ఆదేశాలు, నాకు చేరాలి. చిన్న పనే కదా అని అందరూ ఉత్సాహంగా మొదలుపెడతారు. వారం తిరిగేసరికి సగం మంది కనిపించరు.

సుజాత మానలేదు. కొరియర్ ఆఫీసులో కంప్యూటర్ మీద చిరునామాలు ఎక్కించే పని ఆమెది. మిగతావాళ్లు బటన్ మీద తమ పేర్లు రాసుకుంటే ఆమె నీళ్ల గ్లాసు బొమ్మ పెట్టింది. మర్నాడు అన్నం పళ్లెం. ఎందుకని అడిగాను.

“మా నాయినకు పక్షవాతమొచ్చి మాట వడిపోయింది మేడం. మనం అన్నది సమజైతది గని తనకేం గావాల్నో చెప్పలేడు. కోపమొచ్చి గిన్నెలు ఇసిరేస్తడు. బొమ్మ మీద ఏలు పెడితే ఫోన్ మాట్లాడాలె. నాకు గంతే గావాలె.”

ఆమె తండ్రి బాలయ్య తాపీమేస్త్రీ. అలాంటి రోగానికి డాక్టర్లు అఫేసియా అంటారు. తలలో మాట ఉంటుంది, నోటికి రాదు.

రోజూ నేనిచ్చే పని ఏదైనా ఆమె దాన్ని ఆ యాప్‌లోకే తెచ్చుకునేది. నీళ్లు, అన్నం, నొప్పి, అవును, లేదు. ప్రతి బటన్‌కూ తన గొంతే రికార్డు చేసింది. తండ్రి మొదటిసారి గ్లాసు బొమ్మ నొక్కి నీళ్లు తెప్పించుకున్న మర్నాడు క్లాసులోకి వస్తూనే, “అడిగిండు మేడం, నోరు దెరిచి అడిగినట్టే అడిగిండు” అంది.

ఒకరోజు చాలెంజ్‌గా ఫొటోల గ్రిడ్ ఇచ్చాను. గ్రిడ్ అంటే తెరను గళ్లుగా విభజించడం. సుజాత ఆరు గళ్లు చేసి తన ఫొటో, తమ్ముడిది, మేనత్తది, పక్క ఖోలీ గదిలో ఉండేవాళ్లవి పెట్టింది. చివరి గడి ఖాళీగా ఉంది.

“అమ్మ ఫొటో పెట్టలేదేం?”

 సుజాత మెల్లగా చెప్పింది. బాలయ్య ఆసుపత్రిలో ఉండగానే తల్లి జ్వరంతో చనిపోయింది. అప్పుడు చెబితే ఆయన తట్టుకోలేడని, ఆమె తన చెల్లెలికి బాగాలేక ఊరికి పోయిందన్నారు. ఆయన ఇంటికి వచ్చాక ఇవాళ, రేపు అనుకుంటూ ఎవరూ చెప్పలేదు.

“ఇప్పుడెట్ల చెప్పాలె మేడం? ఆయన తిరిగి ఒక్క మాట గూడ అడగలేడు గద.”



యూజర్ టెస్టింగ్ అని మా పనిలో ఒక దశ ఉంటుంది. తయారైన యాప్‌ను వాడేవాళ్ల చేతికిచ్చి, మనం నోరు మెదపకుండా చూడాలి. దాని కోసం వాళ్లుండే చాల్‌కు, ఒక్కో కుటుంబానికి ఒక్కో గది ఉండే పాత బిల్డింగుకు, వెళ్లాను. వాన వల్ల లోపల పగలే లైటు వేశారు. బాలయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఎడమచెయ్యి ఎత్తి దండం పెట్టాడు.

ఫోన్ తీసుకుని ఒక్కో ఫొటో నొక్కాడు. కొడుకు పేరు పలికింది, అక్క పేరు పలికింది. చివరికి ఖాళీ గడి మీద వేలు పెట్టాడు. ఏమీ పలకలేదు. మళ్లీ నొక్కాడు.

“ఆడేం లేదు నాయినా,” అంది సుజాత.

ఆయన కూతురి వేలు పట్టుకుని ఆ గడి మీదే పెట్టి అదిమాడు. ఆమె నావైపు తిరిగింది.

“తీసేద్దునా మేడం?”

“తీసెయ్యడానికి నిమిషం చాలు. కానీ ఆయన అడుగుతున్నది ఆగదు కదా, సుజాతా.”

ఆమె తండ్రి ముందు కూర్చుంది. రెండు చేతులూ పట్టుకుంది.

“నాయినా, అమ్మ ఊరికి పోలే. నువ్వు దవాఖానల ఉన్నప్పుడే సచ్చిపోయింది. అమ్మ లేదు.”

బాలయ్య ఏడవలేదు. కొంతసేపటికి చెయ్యి విడిపించుకుని ఫోన్ అందుకున్నాడు. మొదటి తెరకు వచ్చి ఒక బటన్ నొక్కాడు.

“లేదు,” అంది ఫోన్, సుజాత గొంతుతో.

మళ్లీ నొక్కాడు. “లేదు.”

అబద్ధం, నేను నమ్మను అన్నాడా? లేదని నాకు ముందే తెలుసు అన్నాడా? మన భాషలో రెండింటికీ ఆ మాటే. సుజాత ఆయన మోకాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన చెయ్యి ఆమె తల మీదికి రావడానికి చాలాసేపు పట్టింది.

ఆ ఖాళీ గడిలో సుజాత తల్లి ఫొటో పెట్టింది. కొన్నాళ్లకు ఫోన్ పట్టుకుని క్లాసుకు వచ్చింది.

“నాయిన నీళ్లు, అన్నం నొక్కుతుండు. అమ్మ ఫొటో మాత్రం నొక్కుతలేడు. సౌండ్ రాక ఇడిసిపెట్టిండేమో. బగ్ ఉందేమో జర చూడుండ్రి మేడం.”

బగ్ అంటే కోడ్‌లో తప్పు. ఆమె రాసిందంతా మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఫొటో నొక్కి చూశాను. “అమ్మ” అని స్పష్టంగా పలికింది.

అప్పటిదాకా నా లెక్కలో నొక్కని బటన్ అంటే పనికిరాని బటన్. కంపెనీలో అలాంటివి ఎన్నో తీసేయించాను. ఇప్పుడు ఎవరి యాప్‌లోనైనా అలాంటిది కనిపిస్తే, తీసే ముందు అది ఎవరికోసం పెట్టారో కనుక్కుంటున్నాను. ఆరోజు మాత్రం సుజాతకు అదేమీ చెప్పలేదు. ఫోన్ తిరిగి ఇస్తూ, “బాగానే పని చేస్తోంది. అక్కడే ఉండనీ,” అన్నాను.