గంగులు జీతంలో పన్ను కోత

చేపల బుట్ట చేత్తో ఎత్తగానే ఎన్ని కిలోలో చెప్పేస్తుంది ఉష. భోగాపురం దగ్గర ఆమెతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. అలాంటి మనిషి మొగుడి జీతం కాగితాలు మాత్రం ఏడాది దాకా చూడలేదంటే, ఏమనుకోవాలో మీరే చెప్పండి!

మొగుడు గంగులు లోగడ రేవులో క్రేను నడిపినవాడు. తర్వాత సముద్రం మీద చేపల వేటకెళ్లేవాడు. నిరుడు ఏప్రిల్లో, ఏటా లాగే చేపలు గుడ్లుపెట్టే కాలమని సర్కారు వేట ఆపేయగానే ఒక కంట్రాక్టరు దగ్గర మళ్లీ క్రేనెక్కాడు. జీతం నెలకు ఎనభై వేలు. అందులో పన్నని మూడు వేల మూడొందలు కోసేవారు. ఐదు నెలలకే పని అయిపోయింది, మళ్లీ పడవెక్కాడు.

పడవ మీద చేపలమ్మిన డబ్బులో యజమాని వాటా ముందే తీసేస్తారు. తీసినదాని గురించి మళ్లీ ఎవరూ నోరెత్తరు. పన్ను కూడా అంతే అనుకుని గంగులు ఊరుకున్నాడు.

పెట్టె సర్దుతూ ఉష ఆ కాగితాలు చూసింది. చూసి ఊరుకుంటుందా? నెట్ సెంటరు గిరిబాబు దగ్గరికి పట్టుకెళ్లింది.

"ఏడాదంతా పనిచేస్తాడని అంచనా ఏసి కోసీసారక్కా," అన్నాడు గిరిబాబు. "బావకి జీతం నాలుగు లచ్చలే వచ్చింది. వేట డబ్బులు కలిపినా పన్ను పడదు. కోసింది బావ పేరు మీదే కట్టారు, ఇదిగో సూడు. రిటర్ను ఏస్తే ఎనక్కొస్తాది."

"ఎయ్యకపోతే?"

"ఆళ్లకాడే ఉంటాది. రేపటితో గడువు సరి."

"అయితే ఇప్పుడే ఎయ్యి."

వివరాలన్నీ ఎక్కించాక గంగులు ఫోనుకి ఓటీపీ వెళ్లింది. రేవులో ఉన్న అతనికి ఉష ఫోన్ చేసి ఆ నెంబరు అడిగింది. 

"నాను సెప్పను," అన్నాడు గంగులు. "ఇన్‌కంటాక్సోళ్లతో మనకేటే? నోటీసులొస్తాయి. రేషన్ కార్డు తీసీస్తారు. పోనీ, ఒగ్గీ."

"తియ్యనీ, ఆ ఆఫీసుకీ ఎల్తాను. దొంగసొమ్ము అడగతన్నామేటి? ఎండలో క్రేను మీద ఏగింది నువ్వు కాదా?"

"నలుగురూ ఏటనుకుంటారే?"

"ఆ నలుగురూ పదారు వేల అయిదొందలు ఇస్తారేటి? నోటీసొస్తే నా పేరు సెప్పు, నాను మాటాడతాను. నెంబరు సెప్తావా, నన్నే రేవుకి వచ్చీమంటావా మావా?"

అవతల ఎవరో పకపకా నవ్వారు. గంగులు గొంతు తగ్గించి, ఒక్కో అంకే చెప్పాడు. గిరిబాబు కొట్టాడు. రిటర్ను వెళ్లిపోయింది.

నెల దాటాక ఒక పొద్దున్న గంగులు ఫోను పట్టుకుని, చేపలమ్ముతున్న ఉష దగ్గరికి పరుగున వచ్చాడు.

"వచ్చీసిందే! మొత్తం వచ్చీసింది!"

ఉష చేతిలో చేప వదల్లేదు, తలా ఎత్తలేదు.

"ఫోను మాట నానొప్పను. బ్యాంకుకెళ్లి పాసుబుక్కులో అచ్చేయించుకురా, సూస్తాను."