లారీ నిండని సామాను

మా చిన్నప్పుడు అట్టపెట్టెలు ఎక్కడివి... ఇల్లు మారాలంటే గోనెసంచులు, తాటాకు బుట్టలు, కొబ్బరితాడు. కుండలు పగలకుండా మధ్యలో వరిగడ్డి. అంతే.

పొందూరు పక్క పల్లె నుంచి సాలూరుకి మారుతున్నాం. అక్కడ లారీషెడ్డులో అయ్యకి కాపలా పని దొరికింది. ఇప్పించింది మా మావ, అమ్మ తమ్ముడు. లారీ డ్రైవరు. ఖాళీగా తిరిగొచ్చే లారీని మా ఊరి మీదుగా తెస్తానన్నాడు.

"సామాను ఏమాత్రం ఉంటాది బావా?" అని అడిగాడు.

అయ్య ఇంట్లోకి చూశాడు... మళ్లీ మావని చూశాడు. "లారీ నిండిపోతాది" అన్నాడు.

అమ్మ పొయ్యి దగ్గర వంచిన తల ఎత్తలేదు.

ఆ లెక్కనే అయ్య కిరాణా కొట్టు నుంచి ఖాళీ గోనెలు మోసుకొచ్చాడు. అమ్మ సర్దింది. బియ్యం ఒకదాంట్లో, చోళ్లు ఒకదాంట్లో. గిన్నెలు, బట్టలు, బొంతలు... ఇల్లు ఖాళీ అయిపోయింది. గోనెలు మాత్రం ఇంకా కుప్పగా మిగిలాయి.

"ఇన్ని ఎందుకు తెచ్చినావు?" అంది అమ్మ.

అయ్య కళ్లం నుంచి గడ్డి తెచ్చి, మిగిలిన గోనెల్లో కుక్కి, మూతులు కుట్టేశాడు.

"మీ తమ్ముడు లారీ ఓనరుకాడ మా యక్కది పెద్ద సంసారమని సెప్పుకున్నాడు. లారీలో ఓ మూలకేసుకుని ఎల్తే ఆడి పరువేటవుతాది?"

మా వైపు వీధిలోకి కొత్తవాళ్లు దిగితే, ఆ వీధివాళ్లే వచ్చి సామాను దింపుతారు. పిలవక్కర్లేదు. ఆ సంగతి అయ్య ఎలా మర్చిపోయాడో...

సాలూరులో లారీ ఆగగానే మగవాళ్లు పైకెక్కారు. ఆడవాళ్లు కింద చేతులు చాచారు. ఎదురింటావిడ బరువుంటుందని కాళ్లు ఊని ఒక గోనె అందుకుంది. అది తేలిగ్గా వచ్చేసరికి వెనక్కి తూలింది.

"ఓలమ్మ... ఇందులో ఏటున్నాదొదినా, గాలా?"

ఎవరో కుట్టు లాగారు. గడ్డి బయటికొచ్చింది.

"గెడ్డేనర్రా... పశువులు ఎనకాల నడిసొస్తన్నాయేటి?" అన్నాడు లారీ మీదున్న ముసలాయన.

అందరూ నవ్వారు. మాకు ఒక్క మేక కూడా లేదు. మావ ఇంజను దగ్గర ఏదో చూస్తున్నట్టు వంగాడు. అయ్య అప్పటికే విప్పేసిన తాడుని మళ్లీ విప్పుతున్నాడు.

"కుండలకి మెత్తగా ఉంటాదని..." అనబోయాడు.

అమ్మ వచ్చి ఆ గోనెని వీధిలోనే బోర్లించింది. ఇంకొకటి బోర్లించింది. తర్వాత ఇంకొకటి...

"మా సామాను ఇంతే ఒదినా. ఆ కాసింతా దించేస్తే అయిపోతాది" అంది ఎదురింటావిడతో.

నవ్వులు ఆగిపోయాయి.

ఎదురింటావిడ వంగి గడ్డి పోగుచేసుకుంది. "మా ఆవు తింటాది లే. మీ గుంటణ్ని పంపు, మజ్జిగిస్తాను."

నేను వెళ్లలేదు. లారీ టైరు వెనకే నిలబడ్డాను. అయ్యని చూడాలంటే సిగ్గు... అమ్మని చూడాలంటే ఇంకా సిగ్గు.

బడిలో నా పేరు గెడ్డిమూట అయింది. అయ్య చాలాకాలం పెరటిదారినే షెడ్డుకి వెళ్లేవాడు. అమ్మ మాత్రం ఆ సాయంత్రమే ఎదురింటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతోంది.

ఈమధ్య విజయనగరంలో ఇల్లు మారాం. ప్యాకింగువాళ్లు వచ్చి గదులన్నీ ఒకసారి తిరిగారు. ఇన్ని పెట్టెలు, ఇంత టేపు, గాజుసామానుకి బుడగల కవరు అని చెప్పేశారు. అంచనా తప్పలేదు. టేపు వేసేశాక ఏ పెట్టెలో ఏముందో, అసలు ఏమైనా ఉందో లేదో, ఎవరికీ తెలియదు. అయ్య చూసుంటే ఎంత సంతోషించేవాడో...

పెట్టెలన్నీ లిఫ్టులో పైకొచ్చేశాయి. అటూ ఇటూ తలుపులు మూసే ఉన్నాయి. ఎవరూ చెయ్యి వేయలేదు. ఎవరూ నవ్వలేదు. ఎదురింటివాళ్ల పేరు ఇంకా తెలియదు. వెళ్లి తలుపు కొడదామంటే నాకు అమ్మ ధైర్యం రాలేదు... అయ్య సిగ్గే వచ్చింది.

మీ సామాను దింపిన చేతులు ఎవరివో గుర్తుంటే రాయండి... చదువుతాను.