పేరు లేని నాలుగు పంక్తులు

మొన్న మా మనుమరాలు ఫోన్ పట్టుకొని పొద్దటి నుంచి చిరాకు పడుతోంది. కాలేజీలో మెట్ట పంటల మీద ఏదో రాసుకు రమ్మన్నారట. పట్నంలో పెద్ద గ్రంథాలయంలో ఏయే పుస్తకాలున్నాయో ఇప్పుడు ఫోన్లోనే చూడొచ్చట. సారు చెప్పిన పుస్తకం పేరు మొత్తం కొడుతుంది, లేదంటుంది. మళ్లీ అదే కొడుతుంది, మళ్లీ లేదంటుంది. "గా పుస్తకమే లేదు అమ్మమ్మా" అంది. "సారు పేరు సక్కగ చెప్పిండని ఏం నమ్మకం? పేరిడిసిపెట్టు. జొన్న అని కొట్టు, జిల్లా పేరు కొట్టు, ఏ కాలందో గది కొట్టు" అన్నాను. ఆరు పుస్తకాలు వచ్చాయి. సారుది అందులో నాలుగోది, ఆయన చెప్పిన పేరు సగం తప్పు. "నీకెవరు నేర్పిండ్రు?" అని నన్ను వింతగా చూసింది. ముప్పై అయిదు దాటాక ఓనమాలు దిద్దినదాన్ని. ఎవరు నేర్పారో దానికి చెప్పలేదు.

మాది మనూర్ వైపు పల్లె. కరువు యాడాది, హోళీకి కాముని పున్నం తెల్లారి, మా ఇంటాయన హైదరాబాదులో పని చూసుకుంటానని బస్సెక్కాడు. అప్పటికి బిడ్డ గోడ పట్టుకొని నడుస్తోంది. పోయిన మనిషి మళ్లీ రాలేదు. ఠాణాకు పోదామంటే మా అత్త గడపకు అడ్డం కూర్చుంది. "ఠాణా పుస్తకంల పేరెక్కితే మనిషి పోయినట్టే. నా కొడుకు పేరు నేనెక్కనియ్య" అంది. మేం ముగ్గురం నారాయణఖేడ్ చేరి, ధాన్యం కొనే అడ్తి దుకాణాల్లో కందులు చెరిగి బతికాం. అత్త చేట పట్టిందంటే రాయి మిగలదు, నోరు తెరిచిందంటే మనిషి మిగలడు. ఏటా పెత్రామాసనాడు పోయినవాళ్ల పేరు మీద బియ్యం ఇస్తాం. ఇస్తేనే వాళ్ల కడుపు నిండుతుందని మా నమ్మకం. ఆ బియ్యం పట్టే జంగమయ్య వచ్చి పేర్లు అడుగుతాడు. అత్త మా మామ పేరొక్కటే చెప్పి తలుపు దగ్గరికి వేసేది. బతికినవాని పేరు మీద బియ్యమిస్తే పాపం, చచ్చినవానికి ఇయ్యకపోతే అంతకన్నా పాపం. మా ఇంటాయన ఏ లెక్కలోకి వస్తాడో తెలియక తొమ్మిది పెత్రామాసలు పోయాయి. నేను ముండమోపినా, ముత్తయిదువనా అనేది కూడా దాంతోపాటే తేలలేదు.

అప్పుడు పెద్దవాళ్లకు చదువు చెప్పే బడి పెట్టారు. తోటివాళ్లు సంతకం కోసం వచ్చారు, నేను పేపరు కోసం వచ్చాను. దిక్కులేకుండా చచ్చినవాళ్ల సంగతి పేపర్లో వేస్తారని అడ్తి దగ్గర ఎవరో అనగా విన్నాను. అక్షరాలు కూడబలుక్కోవడం రాగానే ఊళ్లో గ్రంథాలయానికి పోయాను. అక్కడ సినిమా పేజీ కోసం కొట్లాడుకునే మగవాళ్లే తప్ప ఆడమనిషి లేదు. పాత పేపర్లు ఏటేటా అమ్మేయాలట, కొనేవాడు రాక వెనుక గదిలో కట్టలు కట్టలుగా పడి ఉన్నాయి. వాటిని చూసుకునే ముసలాయనను అందరం చాచా అనేవాళ్లం. చెరుగుడు పని లేని రోజల్లా వెళ్లి, చేతికందిన కట్ట విప్పి, మా ఇంటాయన పేరు ఎక్కడుందా అని వేలు పెట్టి వెతికేదాన్ని. మూడు నెలలు వెతికాను.

ఒకరోజు చాచా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"మా ఇంటాయన పేరు. హైదరాబాద్ పేజీలల్ల."

"పేరు దెలిస్తే పేపర్ల ఎందుకేస్తరు? ఖబర్ ఇంటికే వస్తుండె. ఎవ్వలో తెల్వనోళ్లనే ఏస్తరు. గిట్ల దేవులాడితే ఖయామత్ దాకా దొరకడు."

నాకు కోపమొచ్చింది. "పేరు గాక మనిషికి ఇంకేముంటది చాచా?"

"శాన ఉంటయి. ఎన్నడు పోయిండు? ఏ బస్సెక్కిండు?"

కాముని పున్నం తెల్లారి, జహీరాబాద్ బస్సు అన్నాను. హైదరాబాద్ పోయేటోడు గా బస్సెందుకెక్కుతడు అని అడిగాడు చాచా. తొమ్మిదేళ్లలో ఆ ప్రశ్న నాకు రాలేదు. మా ఇంటాయన చెప్పిన మాటను పట్టుకున్నాను గానీ, కళ్లతో చూసిన బస్సును వదిలేశాను. ఒంటి మీద ఏముండె అన్నాడు. నీలం గీతల అంగీ, కుడి ముంజేతి మీద తేలు పచ్చబొట్టు, బోరంచ జాతరలో పొడిపించుకున్నది. చాచా ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం తెరిచాడు. ఏ నెల కట్ట ఏ మూలన ఉందో అందులో రాసుకున్నాడు. మూడే కట్టలు తెచ్చి ముందు పడేశాడు. "గీ మూడే చూడు, జహీరాబాద్ దిక్కు ఖబర్లు. పెద్దక్షరాలు ఇడిసిపెట్టు, కింద చిన్నయి చదువు. తేలు దేవులాడు."

రెండో రోజు దొరికింది. నాలుగు పంక్తులు. జహీరాబాద్ దగ్గర రైలు పట్టాల పక్కన గుర్తు తెలియని మనిషి, సుమారు ముప్పై ఏళ్లు, నీలం గీతల చొక్కా, ముంజేతిపై తేలు పచ్చబొట్టు, ఎవరూ రానందున దహనం చేశారు. చదువుకున్నవాళ్లకైతే ఒక్క చూపులో అయిపోయేది. నాకు అతను అక్షరం అక్షరంగా చచ్చిపోయాడు. కాముని పున్నం తారీఖు ఆ కట్టలోనే చూసి చాచా లెక్కగట్టాడు. ఇల్లు విడిచిన ఆరో రోజు. ఆ నాలుగు పంక్తులు చీటీ మీద ఎక్కించుకున్నాను. ఎవరూ చెయ్యి పట్టుకోకుండా నేను రాసిన మొదటి రాత అది.

ఇంట్లో అత్త రొట్టె కాలుస్తోంది. చదివి వినిపించాను. "తేలు పచ్చబొట్టు జాతరల నూరుమంది పొడిపించుకుంటరు. నాలుగక్షరాలొచ్చినయని నా కొడుకును సంపుతవానే?" అంది. "నేను సంపలే అత్తా. ఆరో నాడే పోయిండు" అన్నాను. మెత్తగా చెప్పడం నాకు అప్పుడూ రాదు, ఇప్పుడూ రాదు. పెనం మీద రొట్టె నల్లగా మాడిపోయినా ఇద్దరం తీయలేదు. ఆ తర్వాత రెండు నెలలు అత్త తన రొట్టె తనే వేరుగా కాల్చుకుంది.

పెత్రామాస వచ్చింది. జంగమయ్య గడప ముందు నిలబడి పేర్లు అడిగాడు. అత్త మామ పేరు చెప్పింది. తలుపు వేస్తుందనుకొని నేను లోపలికి తిరిగాను. వెనుక నుంచి మా ఇంటాయన పేరు వినబడింది. ఎన్నడు పోయిండని జంగమయ్య అడిగాడు. "ఎన్నడో పోయిండు" అంటూ చేటలో ఇంకో దోసెడు బియ్యం పోసింది అత్త. "తొమ్మిదేండ్ల సంది ఉపాసమున్నడు నా కొడుకు."

ఆ తర్వాత ముప్పై ఏళ్లకు పైనే గడిచాయి. వాటిలో అత్త పోయింది, చాచా పోయాడు, నా కళ్లకు అద్దాలొచ్చాయి. అవి గడిచాయని నాకు తెలుస్తూనే ఉంది. అంతకు ముందు ఎదురుచూసిన తొమ్మిదేళ్లు మాత్రం గడవలేదు, అతను పోయిన ఆ ఆరో రోజు దగ్గరే ఆగి ఉన్నాయి.