ఓర్లీన్ అమ్మమ్మ కలిపిన చుట్టరికం

కొత్త మనిషి కంటబడితే చాలు, "నువ్వు ఎవరి తాలూకు?" అని అడగనిదే ఓర్లీన్ కూంబ్స్ అమ్మమ్మకు తోచదు. అమెరికాలోని ఆ కెంటకీ కొండల్లో అందరూ అడిగేదే. కాకపోతే మిగతావాళ్ళు ముత్తాత దగ్గర ఆగుతారు, అమ్మమ్మ ఆగదు. కారు వేగంగా నడిపిందని ఆపిన పోలీసుకు తన మేనమామ వియ్యంకుడితో బంధుత్వం తేల్చింది. అతను జరిమానా వెయ్యడం మానలేదుగానీ, ఆదివారం భోజనానికి మాత్రం వచ్చాడు. పన్ను పీకే డాక్టరునైతే నోట్లో పట్టకారు ఉండగానే అడిగింది.

మనవరాలు ట్రీనాకు ఇదంతా తలవంపులు. కానీ ఆ వారం ఆమెకు సిగ్గుపడే తీరిక లేదు. పురిటిబిడ్డ రొమ్ము పట్టడం లేదు. పట్టినా రెండు చప్పరింతలకే ఏడుపు. పాలు పట్టించడం నేర్పే నర్సు పక్క ఊళ్ళో ఉందిగానీ, తమ జాబితాలో లేదు కాబట్టి డబ్బివ్వమని బీమా కంపెనీ చెప్పేసింది. ఇక డబ్బాపాలే గతి అని ట్రీనా కళ్ళు తుడుచుకుంటుంటే అమ్మమ్మ ఫోను లాక్కుని బీమా కంపెనీకి చేసింది.

ముందు రికార్డు చేసిన గొంతు పలికింది. అమ్మమ్మ దాన్నీ అడిగింది. జవాబు రాకపోయేసరికి పెంపకం సరిగ్గా లేదని తీర్మానించింది. తర్వాత డెనీస్ అనే అమ్మాయి లైన్లోకి వచ్చింది.

"నువ్వు ఎవరి తాలూకు తల్లీ?"

"ఎవరి తాలూకూ కాదండీ. పరాయి ఇళ్ళల్లో పెరిగాను. మీ సభ్యత్వం నంబరు చెప్పండి."

చుట్టరికం దొరక్కపోవడం అమ్మమ్మకు అదే మొదటిసారి. అయినా వదలక, పిల్లలున్నారా అంది. చంటివాడున్నాడట. ఆఫీసులో సామాన్ల గదిలో కూర్చుని పాలు పిండుకుంటుందట. రోజురోజుకీ తగ్గిపోతున్నాయట, అడుగుదామంటే పెద్దదిక్కు లేదట. అమ్మమ్మ అందుకుంది. పిండుకునేటప్పుడు వాసనకు వాడి చొక్కా ఒకటి దగ్గర పెట్టుకోమంది, మధ్యాహ్నం తిండి మానొద్దంది, మాటిమాటికీ సీసా కేసి చూడొద్దంది.

ట్రీనా మోచేత్తో పొడిచింది. "అమ్మమ్మా, మన సంగతి."

"ఉండవే, ఈ పిల్లది తేలనీ."

తేలాక డెనీస్ వీళ్ళ సంగతి వింది. మీకు దగ్గర్లో మా జాబితా నర్సు ఎవరైనా ఉందేమో ఇంతవరకూ ఎవరైనా చూశారా అని అడిగింది. ఎవరూ చూడలేదు. ఆమె చూసింది. ఒక్కరూ లేరు.

"అలాంటప్పుడు బయటి నర్సుకైనా మొత్తం మేమే ఇవ్వాలండీ. ఈ మాట మీకు ముందే చెప్పాల్సింది. ఇప్పుడే మంజూరుకు పెడుతున్నా."

గురువారం నర్సు వచ్చింది. ట్రీనాను కాస్త వెనక్కి వాల్చి, పాప తలను వదిలేసి వీపును పట్టుకోమంది. కాసేపటికి గదిలో గుటకల చప్పుడు వినిపించింది. చూద్దువుగాని రమ్మని ట్రీనా ఎంత పిలిచినా అమ్మమ్మ రాలేదు. డెనీస్ సొంత నంబరు ఎప్పుడు పుచ్చుకుందోగానీ, వంటింట్లో ఫోను చెవికి ఆనించుకుని ఉంది.

"ఇక్కడ మనది తాగుతోందిలే. నీవాడు తాగాడా? ఇదిగో చూడు, ఇకమీదట నిన్నెవరైనా అడిగితే, కూంబ్స్ వాళ్ళ తాలూకు అని చెప్పు. కాదన్నవాళ్ళతో నేను మాట్లాడతాను."