తిప్పేష్ తెచ్చిన నత్తగుల్లల సంచి

తిప్పేష్ పెళ్లాన్ని అమ్ముకుని నత్తగుల్లల సంచి తెచ్చుకున్నాడని మా ఊళ్లో చెప్పుకుంటారు. అమ్మలేదు, మల్లీశ్వరే సున్నపు బట్టీ మేస్త్రీతో లేచిపోయిందని ఇంకొందరంటారు. ఎవరు ఎలా చెప్పినా చివరికి ఆ సంచి దగ్గరికే వస్తారు.

తిప్పేష్‌ది మా ఎదురిల్లు. వరసగా మూడేళ్లు వేరుశనగ ఎండిపోయాక భార్యాభర్తలిద్దరూ తనకల్లులో బస్సెక్కి సముద్రం వైపు కూలికి పోయారు. ఏరు సముద్రంలో కలిసేచోట మడ అడవి ఉంటుందట. అక్కడి బురదలో నత్తగుల్లలు ఏరితే వాటిని కాల్చి సున్నం చేస్తారట. ఉగాదికి ముందు తిప్పేష్ ఒక్కడే తిరిగొచ్చాడు. భుజాన సగం నిండిన గోనెసంచి ఉంది. గుల్లలు వేలెడు పొడవున, నల్లగా, మొనదేలి ఉన్నాయి. ఎన్ని ఎండలు తగిలినా వాటి బురద వాసన పోలేదు.

వచ్చిన మూడోనాడు అతను అత్త హనుమంతమ్మ అరుగు దగ్గరికి పోయాడు. చుట్టూ జనం చేరారు.

"అత్తా, మల్లికి దినం చేస్తాను. నువ్వొచ్చి కూచోవల్ల."

"బతికుండే బిడ్డకు దినమా? నా బిడ్డను ఎవనికిచ్చినావో చెప్పు ముందు."

"నీళ్లలో పోయిందత్తా."

"ఆ పొద్దు వాన పడిందా?"

"లేదు. ఎండ కాస్తాండె."

ఊళ్లో నీళ్ల ట్యాంకరు తోలే ఓబిలేష్ నవ్వాడు. "ఏమప్పా, వాన లేక నీళ్లు యాడ్నుంచి వచ్చినాయి? నా ట్యాంకరు గాని ఆడికి వచ్చిందా?"

అందరూ నవ్వారు. తిప్పేష్ నవ్వు ఆగేదాకా ఉండి చెప్పాడు.

"ఆడ అంతే అన్నా. మేం పోయినపుడు మడలో కాలవ మన చెరువు మాదిరే ఎండి ఉండె. వాన రాకుండా నీళ్లేం వస్తాయిలే అనుకుంటిమి. నేను నా సంచి గట్టుకు మోస్తాంటి. లోపల గుల్లలు దండిగా ఉండాయని మల్లి ఇంకా ముందుకు పోయె. బురదలో కాళ్లు దిగబడినాయి. నీళ్లు వచ్చేసినాయి."

"ఎండిన చెరువులో మునిగి సచ్చినోళ్లను నేను యాడా సూడలేదు," అని హనుమంతమ్మ లోపలికి పోయింది.

నేను బిందెతో గోడ పక్కనే ఉన్నాను. సముద్రం రోజుకు రెండుసార్లు వెనక్కి పోయి మళ్లీ వస్తుందని ఏడో తరగతి పుస్తకంలో ఉంది. నేను బడి మానేసింది ఆ ఏడే. అక్కడున్న వాళ్లలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. బిందె చంక మార్చుకుని ఇంటికి పోయాను.

తిప్పేష్ ఒక్కడే దినం చేశాడు. ఎవరూ పోలేదు.

నెల తర్వాత చింతపండు కొడుతుంటే హనుమంతమ్మతో చెప్పాను. "అవ్వా, అతను చెప్పింది నిజమే. పుస్తకంలో ఉండాది."

ఆమె గింజలు ఏరుతూనే ఉంది. "నీ పుస్తకం పోయి సూసొచ్చిందా? మేస్త్రీతో పోయుంటే యాడో ఒకచోట అన్నం తింటాంటాది నా బిడ్డ. ఆ మాట నాకు సాలు. నువ్వు నోరు మూసుకో పాపా."

సాయంత్రం బస్సు వేళకు ఆమె లేచి రోడ్డు మీదికి పోయింది. ఇప్పటికీ పోతుంది.

తిప్పేష్ ఆ గుల్లలను కాల్చలేదు, పారేయలేదు. ఎండలో పరచడం, మళ్లీ సంచికెత్తడం, అంతే. పెళ్లాన్ని అమ్మి తెచ్చుకున్న సరుకు అదేనా అని దారిన పోయేవాళ్లు అడుగుతారు. అతను బదులు చెప్పడం మానేశాడు. ఒకసారి నేను మా వాకిలి ఊడుస్తుంటే అడక్కుండానే చెప్పాడు.

మల్లీశ్వరి దొరకలేదు. రెండోనాడు నీళ్లు తీశాక ఆమె సంచి మడ చెట్టు వేళ్లకు తగులుకుని కనబడింది. అతను తెచ్చింది ఆ సంచే. అందులోని గుల్లలన్నీ ఆ పొద్దు ఆమె ఏరినవి.