పొయ్యి ముట్టించని ఇంట్లో కాఫీ

నేను రిపేరు పని చేసేవాడిని. మిక్సీలు, గీజర్లు బాగుచేస్తాను. షాద్‌నగర్ చుట్టూ ఆఫీసులు, విల్లాలు పెరిగాక కాఫీ మిషన్లు కూడా వస్తున్నాయి. "అన్నా, గీ మిషిన్ దానంతటదే ఆనైతుందన్నా" అని భయపడుతూ తెచ్చేవాళ్ళు అప్పుడప్పుడూ ఉంటారు. విప్పి చూస్తే స్విచ్చి వెనక తేమో, చీమలో, చచ్చిన బల్లో కనబడుతుంది. ఆ బల్లిని కాగితం మీద పెట్టి "ఇగో, మీ దయ్యం" అని చూపించడం నాకు సరదా. దయ్యాలను నమ్మేవాళ్ళను చూస్తే నాకు జాలి కూడా వేసేది కాదు, చిరాకేసేది.

కాబట్టి ఇది చదివి ఎవరైనా నవ్వితే నేనేమీ అనుకోను. వేరేవాళ్ళు చెప్తే నేనూ నవ్వేవాడినే.

మా అన్న యాదగిరి షాద్‌నగర్ దగ్గర ఒక కంపెనీలో పనిచేసేవాడు. ఏదో ఆఫీసువాళ్ళు పారేయబోయిన చిన్న కాఫీ మిషన్‌ను నేను బాగుచేసి ఆయనకిచ్చాను. ఒకసారికి ఒక్క కప్పే ఇచ్చే రకం. చిన్న అల్యూమినియం డబ్బీలో కాఫీ పొడి సీలు వేసి వస్తుంది. ఆ డబ్బీని లోపల పెట్టి బటన్ నొక్కితే, మిషన్ దానికి చిల్లులు పొడిచి వేడినీళ్ళు తోస్తుంది. గుర్రుమని చప్పుడు చేస్తూ కాఫీ కిందికి దిగుతుంది. వాడేసిన డబ్బీ వెనక బుట్టలో పడుతుంది.

అన్న రోజూ పొద్దున కంపెనీ బస్సుకు పోయే ముందు ఒక కాఫీ చేసేవాడు. స్టీలు గ్లాసు పట్టదని మిషన్ కింది ట్రే తీసి పక్కన పెట్టేవాడు. కాఫీ పట్టాక గ్లాసు మీద అంచు పగిలిన గులాబీ రంగు సాసరు బోర్లించేవాడు. ఆయనకు అన్నీ పద్ధతిగా ఉండాలి. తుడుచుకున్న తువ్వాలను కూడా నాలుగు మడతలు పెట్టి గానీ వదిలేవాడు కాదు.

ఒకరోజు ఆ బస్సులోనే ఛాతీ పట్టుకుని పక్కకు ఒరిగిపోయాడు. దవాఖానకు చేరేసరికే ప్రాణం లేదు. నాయిన పోయాక నన్ను పెంచింది ఆయనే. నా ఫోన్లో ఆయన నంబరు ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ పొద్దున ఇంట్లో వదిన అరుపులు వినిపించాయని పక్కింటివాళ్ళు, తెల్లారకముందే కూలికి పోయే అమ్మకు చెప్పారు. అమ్మ అదే పట్టుకుంది. "పొద్దుగాలనే మొగని మీద ఒర్రి పంపినవ్. నా కొడుకును మింగినవ్" అని శవం ముందే అనేసింది. వదిన గోడకు ఆనుకుని కూర్చుంది, అంతే. తినమంటే తినలేదు, పలకరిస్తే పలకలేదు.

చావు జరిగిన ఇంట్లో మావాళ్ళు పొయ్యి ముట్టించరు. తిండి దాయాదుల ఇంటి నుంచి వస్తుంది. మా పెద్దబాపు, అంటే నాయిన అన్న, వంటింట్లోకి వచ్చి స్టవ్వు పక్కనున్న కాఫీ మిషన్‌ను ఎగాదిగా చూశాడు. "గిది నీళ్ళు కాగవెడ్తదా, లేదా?"

"పెడ్తది పెద్దబాపూ."

"ఇగ అది గూడ పొయ్యే. తీసెయ్."

నాకు ఒళ్ళు మండింది గానీ, చావింట్లో వాదనలేమిటని ఊరుకున్నాను. నేనే ప్లగ్గు పీకి, వెనక బుట్టలోని పాత డబ్బీ పారేశాను. నేనే మిషన్‌ను పాత తువ్వాలలో మూటకట్టి ముడి వేశాను.

మూడో రోజు పిట్టకు పెట్టడం. చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండించి, బొందలగడ్డలో సమాధి దగ్గర విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టే దాకా చూస్తారు. ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక తీరలేదని, లేదా ఎవరి మీదో మనసు విరిగిందని అంటారు. నాయిన తల్లి, మా ముసలి అవ్వ తప్ప ఇంటిల్లిపాదీ వెళ్ళాం. అవ్వకు చూపు ఆనదు, తుంటి విరిగి మంచం మీదే ఉంటుంది. కుక్కలు దూరకుండా బయటి తలుపుకు గొళ్ళెం పెట్టి వచ్చాను.

మటన్ పెట్టారు. కల్లు పెట్టారు. ఆకువక్క పెట్టారు. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చుని అరిచాయి తప్ప ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికెక్కింది. "ఏం గావాల్నో జెప్పురా కొడుకా" అని పెద్దబాపు బతిమాలాడు. నీ పెండ్లాం పిల్లలను మేము సూసుకుంటం అన్నాడు. ఊహూ.

అప్పుడు అమ్మ ఉన్నట్టుండి లేచింది. "కాఫీ! రోజు కాఫీ కాసుకోంది నా కొడుకు బస్సెక్కకపోవు. జల్ది తేపో" అని నన్ను తరిమింది.

బండి మీద ఇంటికి పోయాను. అవ్వ కునుకు తీస్తోంది. మిషన్ తువ్వాల మూటలోనే ఉంది. ఒక్క కాఫీ పట్టి తేనా అని పెద్దబాపుకు ఫోన్ చేస్తే కస్సుమన్నాడు. "సావింట్ల పొయ్యి ముట్టియ్యద్దన్ననా లేదా? ఉన్నదున్నట్టె పట్కరా!" కాఫీ డబ్బీల అట్టపెట్టెలో ఒకే డబ్బీ మిగిలి ఉంది. అదే జేబులో వేసుకుని, మళ్ళీ గొళ్ళెం పెట్టి వెళ్ళాను. సీలు కూడా విప్పని ఆ డబ్బీని మటన్ పక్కన పెట్టారు. ఇంత తెలివితక్కువ పని నా చేతుల మీదుగా జరిగిందే అని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

పిట్ట రాలేదు.

అమ్మ వదిన వైపు తిరిగింది. "సూసినవా? నీ మీదనే మనసు ఇరిగింది వానికి. దినాలు గాంగనే నీ పిల్లలను దీస్కొని పో. నా ఇంట్ల నీకు జాగ లేదు."

అందరూ విన్నారు. వదినకు తల్లీదండ్రీ లేరు. పిల్లలను తీసుకుని ఎక్కడికి పోతుంది?

వదిన మూడు రోజుల్లో మొదటిసారి నోరు విప్పింది. "అత్తమ్మా, ఆయన ఒక్కనాడు గూడ కాఫీ తాగలే. చేదంటడు. అది నాకోసం జేసెటోడు. నేను నల్లా కాడికెళ్ళి నీళ్ళు తెచ్చేసరికి సల్లారద్దని సాసరు మూసి పోయెటోడు. ఆనాడు ఛాతిల నొస్తుందన్నడు. డ్యూటీ వద్దు, కాఫీ వద్దు, దవాఖానకు పోదాం పా అని ఒర్రిన. ఇనకుంట కాఫీ పట్టి పెట్టి పోయిండు. నాకు కోపమొచ్చి మురికి మోరిల పారవోసిన. ఆయన జేసిన ఆఖరి కాఫీ మోరిల పోసిన అత్తమ్మా." అలా అంటూనే మట్టిలో కూలబడి ఏడ్చింది.

ఎంతసేపని ఉంటామని పెద్దబాపు తానొక్కడే అక్కడుండి, మమ్మల్ని ఇంటికి పంపాడు.

గొళ్ళెం నేను పెట్టినట్టే ఉంది. తీసి లోపలికి అడుగుపెట్టగానే కాఫీ వాసన గుప్పుమంది.

మంచం మీద అవ్వ తల తిప్పింది. మతిమరుపు మనిషి, కొడుకు కొడుకు పోయాడన్నది ఒకసారి గుర్తుంటుంది, ఒకసారి ఉండదు. "ఇప్పటిదాంక గా మిషిన్ గుర్రుమన్నది. పెద్దోడు డ్యూటీకి పోతున్నట్టుండు" అంది.

వంటింట్లో మిషన్ మీద తువ్వాల లేదు. పక్కన నాలుగు మడతలు పెట్టి ఉంది. కింది ట్రే తీసి గోడకు ఆనించి ఉంది. ప్లగ్గు నేను పీకినట్టే కిందికి వేలాడుతోంది. గట్టు మీద స్టీలు గ్లాసు, దాని మీద బోర్లించిన గులాబీ సాసరు. సాసరు ఎత్తి చూస్తే ఆవిరి వచ్చింది.

వెనక బుట్ట లాగాను. అందులో చిల్లులు పడిన డబ్బీ ఒకటి ఉంది. ముట్టుకుంటే చురుక్కుమంది.

వదిన గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అమ్మ మాత్రం నేరుగా గట్టు దగ్గరికి వచ్చి, గ్లాసును కొంగుతో పట్టుకుని తీసుకెళ్ళి వదిన చేతిలో పెట్టింది.

"తాగు బిడ్డా. సల్లారుతది."

వదిన ఏడుస్తూనే తాగింది. సగం తాగిందో లేదో నా ఫోన్ మోగింది. పెద్దబాపు అరుస్తున్నాడు. "ముట్టిందిరా! పిట్ట ముట్టింది!"

అమ్మ ఆ తర్వాత వదినను ఏనాడూ పొమ్మనలేదు. ఇప్పటికీ ఇద్దరూ ఆ ఇంట్లోనే ఉన్నారు.

నేను మాత్రం ఊరుకోలేదు. ఎవరైనా వచ్చి చేశారేమో అనుకున్నాను. ఊళ్ళో ఆ మిషన్ వాడడం తెలిసింది అన్నకు, వదినకు, నాకు. వదిన మా కళ్ళ ముందే ఉంది. సాయంత్రం బొందలగడ్డకు పోయి చూశాను. విస్తరి ఖాళీగా ఉంది. పెట్టెలోంచి నేను తెచ్చిన ఆఖరి డబ్బీ సీలు చెదరకుండా మట్టిలో పడి ఉంది. మరి మిషన్‌లో కాలుతున్న ఆ రెండోది ఎక్కడి నుంచి వచ్చినట్టు?

దినాలయ్యాక మిషన్‌ను షాపుకు తెచ్చి మొత్తం విప్పాను. తేమ లేదు, చీమలు లేవు. బల్లి దొరికితే బాగుండునని నా జన్మలో మొదటిసారి అనుకున్నాను. దొరకలేదు. మళ్ళీ బిగించి వదినకు ఇచ్చేశాను.

ఇప్పుడు ఎవరైనా "దానంతటదే ఆనైంది" అంటే నేను నవ్వను. ప్లగ్గు పెట్టే ఉందా అని మాత్రం అడుగుతాను. ఉందనే చెప్తారు. హమ్మయ్య అనుకుని స్క్రూడ్రైవర్ అందుకుంటాను.