మూడో నిషేధం

ఇవాళ ఆఫీసులో ఎవరో నోటీసు లామినేట్ చేస్తున్నారు. ఆ వేడి ప్లాస్టిక్ వాసన తగిలితే చాలు, నాకు ప్రభాకర్‌గారు గుర్తొస్తారు. బ్రెమెన్‌లో విమానాల రెక్కలు బిగించే వర్క్‌షాపులో ఆయన నా మొదటి బాస్. రాజమండ్రి మనిషి, పాతికేళ్లుగా జర్మనీలో ఉన్నారు, ఆదివారం వస్తే గోల్ఫ్ కర్రలు భుజాన వేసుకుని బయల్దేరేవారు. నేను జీగెన్‌లో మాస్టర్స్ ముగించి, బ్లూకార్డు అనే వర్క్ పర్మిట్ మీద కొత్తగా చేరిన వరంగల్ పిల్లను. నాకు తెలియనిది లేదనుకునే రోజులవి.

పనిముట్లు జేబులో వేసుకోవడం నిషేధమని నోటీసు రాసి, లామినేట్ చేసి అంటించాను. వాడిన ప్రతి పనిముట్టూ వెంటనే గోడకున్న బోర్డుకు తగిలించాలి, రెక్కలో ఒక్కటి మరిచిపోయినా ప్రమాదమే. ఎవరూ వినలేదు. ఎర్ర అక్షరాలతో ఇంకోటి పెట్టాను. అదీ అంతే. మూడోదానికి సంతకం కోసం వెళితే, ఆయన పెన్ను తీయకుండా ఎప్పటిదో స్కాట్లాండ్ సంగతి ఎత్తుకున్నారు. కుర్రాళ్లు విలువిద్య మానేసి గోల్ఫ్ ఆడుతున్నారని ఒక రాజు ఆ ఆటను నిషేధించాడట. తర్వాత కొడుకూ నిషేధించాడు. మనవడూ నిషేధించాడు, చివరికి ఆ మనవడే కర్రలు కొనుక్కుని ఆడాడు.

“ఒకే నిషేధం మూడుసార్లు రాశారంటే ఏంటమ్మా అర్థం? జనం ఆడుతూనే ఉన్నారని. రేపు ఓ పూట వాళ్లతో పాటు నువ్వే మరలు బిగించి రా,” అన్నారు.

నాకు ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. బోర్డు షెడ్డుకు ఆ చివర ఉంది, ప్రతిసారీ అక్కడిదాకా నడవాలి. మధ్యాహ్నం పనిముట్లు లెక్కపెడితే ఒక స్క్రూడ్రైవర్ తక్కువైంది. పని ఆపేసి అందరూ టార్చిలైట్లతో వెతుకుతుంటే, అది నా కోటు జేబులో చేతికి తగిలింది. నా ప్రొబేషన్ ఇంకో రెండు వారాల్లో ముగుస్తుంది. ఉద్యోగం పోతే వీసా కోసం విదేశీయుల ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కోసం పడిగాపులతో మళ్లీ మొదలు. ఎవరూ చూడకుండా రెక్క కింద పడేసి, దొరికిందంటే సరిపోతుంది. పడేద్దామనే అనుకున్నాను. రెక్కలోకి సగం దూరి వెతుకుతున్న ఓ ముసలి మెకానిక్‌ను చూశాక చేతులు రాలేదు. నేరుగా ప్రభాకర్‌గారి గదికి నడిచాను.

“సార్, నా జేబుల్నే ఉన్నది. నేనే పెట్టుకున్న,” అన్నాను. గొంతు వణికింది.

ఆయన తిట్టలేదు, ఓదార్చనూ లేదు. “ముందు ఎళ్లి వాళ్లకి చెప్పు. తర్వాత ఆ బోర్డు ఎక్కడుండాలో వాళ్లనే అడుగు.”

వచ్చీరాని జర్మన్‌లో అందరి ముందూ చెప్పాను. మర్నాడే వాళ్లు బోర్డుకు చక్రాలు బిగించి రెక్క పక్కకు తెచ్చుకున్నారు. మూడో నోటీసు అవసరమే రాలేదు. ప్రొబేషన్ రిపోర్టులో ఆయన నా తప్పు దాచలేదు, దాని కిందే నన్ను ఉద్యోగంలో కొనసాగించాలని రాశారు. ఆ కాగితం చూసి ఏడ్చాను.

ఇప్పుడు నా కింద తొమ్మిదిమంది పనిచేస్తున్నారు. నిషేధాలు నేనూ రాస్తాను, రాయక తప్పదు. ఎవరూ పాటించడం లేదని తెలిస్తే మాత్రం వెళ్లి వాళ్ల పని ఒక పూట చేస్తాను. కిందటి నెలా చేశాను. నేను పెట్టిన నిబంధనే పనికి అడ్డమని, తప్పు నాదేనని తేలింది. అందరినీ పిలిచి ఆ మాటే చెప్పాను. గొంతు వణకలేదు.